మీకు తెలుసా? ఒక్క క్లిక్... గది నిండా కథ!

శుక్రవారం! డ్యూటీ లేదు. కానీ బయట కాలు పెట్టగలమా? 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో ఎండ ఎంత కాసిందో తెలుసా? 53.9 డిగ్రీలు! ఆసియా ఖండం మొత్తానికే రికార్డు! అందుకే ఈ వారం ఏసీ వేసుకోండి. తుపాకుల గేమ్‌లు కాస్త పక్కన పెట్టండి. మౌస్‌తో నొక్కుతూ కథ నడిపించే పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్లు పట్టండి. వేళ్లు పరుగెత్తక్కర్లేదు, బుర్ర పరుగెత్తితే చాలు!

ముందు కువైట్ రహస్యం వినండి! సఖ్ర్ అనే ఇంటి కంప్యూటర్ ఉండేది. తెరమీద అరబ్బీ అక్షరాలు! కీబోర్డు మీదా అరబ్బీ అక్షరాలే! ఎవరిదనుకున్నారు? మొహమ్మద్ అల్ షారెఖ్ అనే కువైటీది! ఆయన తన కంపెనీ అల్ ఆలమియాను మొదలుపెట్టింది 1982లో! అరబ్ దేశాల్లో ఎంతమంది పిల్లలు కంప్యూటర్‌ను మొదటిసారి ముట్టుకున్నది దీని మీదేనో!

ఇంకా ఉంది! ఏఎక్స్-660 అని ఓ మోడల్ వచ్చింది. ఒకే పెట్టెలో 2 యంత్రాలు! ఒకటి కంప్యూటర్. రెండోది సెగా మెగా డ్రైవ్ గేమ్ మెషీన్! చదువూ అందులోనే, ఆటా అందులోనే! ఏ పిల్లాడికైనా ఇంతకంటే ఏం కావాలి?

సఖ్ర్ నడిచింది ఎమ్మెస్సెక్స్ అనే ఇంటి కంప్యూటర్ల పద్ధతిలో. జపాన్ ఇళ్లలోనూ అదే పద్ధతి! అక్కడ 1983లో యూజీ హోరీ ఒక హత్య కేసు గేమ్ రాశాడు. పేరు పోర్టోపియా. మీరే డిటెక్టివ్! ఆ గేమ్ చూసి మనసు పారేసుకున్నవాళ్లలో ఒకరు ఎవరో తెలుసా? హిదియో కొజిమా! మెటల్ గేర్ గేమ్‌ల సృష్టికర్తే! తర్వాత ఆయన కూడా స్నాచర్ అనే డిటెక్టివ్ కథా గేమ్ తీశాడు. అదీ ఎమ్మెస్సెక్స్2 మీద!

అసలు అడ్వెంచర్ గేమ్‌కు మొదట బొమ్మలు పెట్టిందెవరు? రొబెర్టా విలియమ్స్! 1980 నాటి మిస్టరీ హౌస్ గేమ్ ఆవిడదే. అంతకుముందు తెరమీద ఉత్త అక్షరాలే! ఆవిడ గీసిన బొమ్మలు 70! గీతల బొమ్మలే, రంగులు కూడా లేవు. అయినా జనం ఎగబడి కొన్నారు!

సరే, ఇప్పుడు ఏది ఆడాలి? నన్నడిగితే మొదట మషినారియం! ఇంగ్లిష్ రాదని బెంగ వద్దు. ఇందులో మాటలే లేవు! పాత్రల తలమీద బుడగ లేస్తుంది, అందులో బొమ్మలు కదులుతాయి. కథంతా అలాగే చెబుతారు! చిన్న రోబో, తుప్పు పట్టిన ఊరు, తప్పిపోయిన ప్రియురాలు. ప్రతి తెరా చేత్తో గీసిందే! చేసింది చెక్ దేశపు అమనీతా డిజైన్. ఎంతమంది చేశారో తెలుసా? కేవలం 7 మంది! వాళ్ల సొంత డబ్బుతో! మీ రూమ్‌లో తెలుగు, మలయాళం, బెంగాలీ అన్నీ ఉన్నాయా? అందర్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్క పజిల్‌కు నలుగురూ నాలుగు సలహాలు ఇస్తారు!

చేతిలో దీనార్లు లేవా? బినీత్ ఎ స్టీల్ స్కై ఉచితం! దొంగ కాపీ కాదు. 2003లో కంపెనీవాళ్లే ఉచితంగా వదిలేశారు! బొమ్మల వెనక ఉన్న చెయ్యి ఎవరిది? వాచ్‌మెన్ కామిక్ గీసిన డేవ్ గిబ్బన్స్‌ది! స్కమ్‌వీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఫోన్‌లో కూడా నడుస్తుంది. బస్సులో కూడా ఆడొచ్చు!

ఊరికి టికెట్ కోసం ఎదురు చూసేవాళ్లకు గ్రిమ్ ఫాండాంగో! హీరో మానీ ట్రావెల్ ఏజెంట్. ఎక్కడ? చచ్చిపోయినవాళ్ల లోకంలో! అక్కడ ఆత్మలు చివరి మజిలీకి నడిచి వెళ్లడానికి 4 ఏళ్లు పడుతుంది. పుణ్యాత్ములకు మాత్రం నంబర్ నైన్ రైలు. నాలుగే నిమిషాలు! మరి ఒక మంచి మనిషికి ఆ టికెట్ ఎందుకు రాలేదు? కథంతా అక్కడే పుడుతుంది! ఇంత గొప్ప కథ సినిమాల్లో కూడా అరుదు. మనస్ఫూర్తిగా చెబుతున్నా, ఇది ఆడకుండా ఉండకండి! 2015 రీమాస్టర్ తీసుకోండి, బొమ్మ నిగనిగలాడుతుంది.

ఒకే కథ 3 దారుల్లో! ఇండియానా జోన్స్ అండ్ ది ఫేట్ ఆఫ్ అట్లాంటిస్ అలాంటిదే. బుర్రతో గెలవచ్చు. పిడికిలితో గెలవచ్చు. సోఫియా అనే పాత్రను తోడు తీసుకుని గెలవచ్చు. ఒకసారి కొంటే మూడుసార్లు ఆడొచ్చన్నమాట!

మనిషి జాడ లేని దీవి. చేతిలో ఆయుధం లేదు. తరిమే శత్రువు లేడు. అదే మిస్ట్! 1993లో ఇద్దరు అన్నదమ్ములు రూపకల్పన చేశారు. అమ్ముడైనవి 60 లక్షలకు పైనే! ద సిమ్స్ అనే గేమ్ వచ్చి దాటేదాకా కంప్యూటర్ గేమ్‌లలో దీనిదే మొదటి స్థానం!

గేమ్ లోపల గేమ్ చూశారా? డే ఆఫ్ ది టెంటకిల్‌లో ఒక గదిలో కంప్యూటర్ ఉంటుంది. ఆగండి, దాని మీద నొక్కండి! 1987 నాటి మేనియాక్ మాన్షన్ మొత్తం తెరుచుకుంటుంది. ముక్క కాదు, పూర్తి గేమ్!

ఆఖరిది నా ప్రాణం. ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్! హీరో గైబ్రష్‌కు ఒకే ఒక్క గొప్ప విద్య ఉంది. ఊపిరి 10 నిమిషాలు బిగబట్టగలడు! నిజమా, గొప్పలా? ఒక చోట విలన్ అతణ్ని బరువైన విగ్రహానికి కట్టి సముద్రంలో పడేస్తాడు. చుట్టూ కత్తులే, ఒక్కటీ చేతికందదు! పైకి ఎలా రావాలో నేను చెప్పను. గడియారం మాత్రం చూసుకుంటూ ఉండండి. పదో నిమిషం దాటితే నిజంగానే చచ్చిపోతాడు!