ఎత్తు పెంచిన జీపు – వదులైన స్టీరింగు

వాగులు, గట్లు దాటుటకని పాత జీపుకు కమాను పట్టీలు మార్చి ఎత్తు పెంచినవారు గలరు. పిమ్మట స్టీరింగు వదులైనచో, ముందే స్టీరింగు బాక్సు స్క్రూను బిగింపవలదు. లోపము వేరొకచోట నున్నచో, బాక్సులోని పండ్లు అరిగి, మలుపులో స్టీరింగు బిగుసుకొనవచ్చును.

బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, హాండ్ బ్రేకు వేయుడు. ఒకరు స్టీరింగును కొద్దిగా అటునిటు త్రిప్పుచుండగా, వేరొకరు డ్రాగ్ లింకు, టై రాడ్ చివరలనున్న బాల్ జాయింట్లను గమనింపవలెను. ఒక ప్రక్క కదిలినను రెండవ ప్రక్క వెంటనే కదలని జాయింటు అరిగినదే, దానిని మార్చుడు. ఎత్తు పెరిగినపుడు డ్రాగ్ లింకు ఏటవాలై, జాయింట్లపై భారము హెచ్చును. స్టీరింగు బాక్సును చాసిస్‌కు పట్టియుంచు బోల్టులను కూడ చూడుడు.

తరువాత ముందు ఇరుసును జాకీతో లేపి, క్రింద గట్టి దిమ్మ నుంచి, చక్రమును పైన, క్రింద పట్టి ఊపుడు. కదిలినచో చక్రపు బేరింగులుగాని, కింగ్ పిన్ బేరింగులుగాని వదులైనట్లే.

అన్నియు బిగువుగా నున్నను బండి దారి తప్పుచున్నచో, ఎత్తు పెంచునపుడు ముందు ఇరుసు వాలు మారియుండవచ్చును. వర్క్‌షాపులో కొలత చూపింపుడు. సరిచేయువరకు మనుషులను ఎక్కింపవలదు, ట్రైలరు తగిలింపవలదు.