ఖద్దామా వీసా: కాగితంపై ఏమున్నది?

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఉత్తర తెలంగాణ బ్రతుకు చరిత్రను ఈ మూడు మాటల్లో చెప్పడం మన ప్రాంతపు వాడుక. బెల్లంపల్లి, రామగుండం గనులకు వెళ్ళిన తరం ఒకటి. సిరిసిల్ల నుండి బొంబాయి, భీవండి మగ్గాలకు వెళ్ళిన తరం మరొకటి. 1970వ దశకంలో చమురు ధరలు పెరిగిన తరువాత అరబ్బు దేశాల దారి పట్టినది మూడవ తరం. మనిషి రియాద్‌లో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా మనవారు ‘దుబాయిల ఉన్నడు’ అనే అంటారు. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయి జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల, పెద్దపల్లి వంటి కొత్త పేర్లు వచ్చాయి గానీ, ఆ మాట మారలేదు.

ఈ వలసలో భవన నిర్మాణాల గురించీ, కంపెనీ క్యాంపుల గురించీ ఎంతో కొంత చర్చ జరుగుతూనే ఉన్నది. పరాయి దేశంలో, పరాయి కుటుంబంతో, వారి ఇంటి గోడల మధ్యనే ఉంటూ చేసే కొలువు గురించి మాత్రం మనం తక్కువగా మాట్లాడుకుంటాం. పిల్లలను చూసుకునే ఆయా, వంట మనిషి, ఇంటి డ్రైవరు, తోటమాలి, ఎడారిలో యజమాని మందను కాసే కాపరి వీరంతా ఆ కోవలోనివారే. స్త్రీల విషయంలో దీనికి మన వాడుకలో ఉన్న పేరు ‘ఖద్దామా వీసా’.

మన ఉత్తర జిల్లాల నుండి వెళ్ళేవారిలో అత్యధికులు పురుషులే. ఖద్దామాలుగా వెళ్ళినవారు కడప, గోదావరి జిల్లాల నుండీ, హైదరాబాద్ పాతబస్తీ నుండీ ఎక్కువ. అయినా బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొచ్చే వితంతువులు, భర్త విడిచిపెట్టిన స్త్రీలు, ఆడపిల్లల పెళ్ళి కోసం అప్పుచేసిన తల్లులు మన పట్టణాల్లోనూ తక్కువేమీ కాదు. ఏజెంటు మొదట తట్టేది వారి తలుపునే.

ఐరోపాలోనూ ఇటువంటి ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని ‘ఓ పేర్’ అంటారు. అది ఫ్రెంచి మాట; సమాన స్థాయిలో అని దాని భావం. యువతీయువకులు ఒక కుటుంబంతో కలిసి ఉండి, వారి పిల్లలను చూసుకుంటూ, ఆ దేశ భాష నేర్చుకుంటారు. జర్మనీలో దీనికి 18 నుండి 26 ఏళ్ళ వయస్సు, వారానికి 30 గంటలకు మించని పని, నెలకు 280 యూరోల చేతిఖర్చు, ఏడాదికి మించని గడువు అని నియమాలున్నాయి. అక్కడా మోసపోయినవారు లేకపోలేదు. కానీ ఏది పని, ఏది విశ్రాంతి, ఎప్పుడు తిరుగు ప్రయాణం అన్నది బయలుదేరక ముందే కాగితం మీద ఉంటుంది. మన ఇళ్ళ నుండి గల్ఫ్‌కు వెళ్ళే స్త్రీకి చాలాసార్లు ఉండనిది అదే కాగితం.

నిజానికి పరాయి దేశంలో, పరాయి ఇంట కొలువు కుదరడం గురించి మనకు దివ్యఖుర్ఆన్‌లోనే ఒక వృత్తాంతం ఉన్నది. ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అ) ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరుకుంటారు. చేతిలో చిల్లిగవ్వ లేదు, తెలిసినవారు లేరు. నీటిరేవు దగ్గర ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్ళు పెట్టిన పరిచయంతో వారి ఇంటికి ఆహ్వానం అందుతుంది. ఆ కుమార్తెలలో ఒకామె, బలమూ నమ్మకమూ రెండూ ఉన్న మనిషిని పనిలో పెట్టుకోమని తండ్రికి చెబుతుంది. ఆ తరువాత జరిగినది చూడండి. ఆ వృద్ధుడు ఎనిమిదేళ్ళు అని గడువు చెబుతాడు. పదేళ్ళు పూర్తి చేస్తే అది నీ ఇష్టం అంటాడు. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని హామీ ఇస్తాడు. మూసా (అ) కూడా మొహమాటపడలేదు. రెండు గడువుల్లో దేనిని పూర్తిచేసినా ఆపైన తనపై ఒత్తిడి ఉండరాదని స్పష్టం చేసి, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. ఇద్దరూ విశ్వాసులే, ఇద్దరూ సజ్జనులే, పైగా వియ్యమందబోతున్నవారు. అయినప్పటికీ షరతులు నోరు తెరిచి చెప్పుకున్నారు. (ఆ వృద్ధుడు హజ్రత్ షుఐబ్ (అ) అని కొందరు వ్యాఖ్యాతలు అంటారు, ఖుర్ఆన్ ఆయన పేరు చెప్పలేదు.)

ఈ వృత్తాంతాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. మన ఇళ్ళలో ఒక ధీమా వినిపిస్తుంది: “ముసల్మానుల ఇల్లే కదా, నమాజుకు అడ్డుండదు, హలాల్ తిండి, అదృష్టముంటే ఉమ్రా కూడా దక్కుతుంది.” ఏజెంట్లకు ఈ ధీమా బాగా తెలుసు, దానినే పెట్టుబడిగా వాడుకుంటారు. యజమాని కల్మా చదివినవాడు కావడం ఒప్పందానికి బదులు కాజాలదు. సేవకులు మీ సోదరులనీ, మీరు తినేదే వారికి పెట్టాలనీ, శక్తికి మించిన పని చెబితే మీరూ చేయి వేయాలనీ దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు ఆయన ఇంట సేవచేసి, ఒక్కసారీ విసుగు మాట వినలేదని స్వయంగా చెప్పారు. ఆ ఆదర్శాన్ని పాటించే అరబ్బు కుటుంబాలు ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒకే ఇంట గౌరవంగా పనిచేసి వచ్చినవారు మన మధ్యే ఉన్నారు. పాటించని ఇల్లు తగిలితే మాత్రం ఆ స్త్రీ చేతిలో ఏమున్నదన్నదే ప్రశ్న.

చట్టం చేతిలో ఎంతో కొంత ఉన్నది. 1983 నాటి వలస చట్టం ప్రకారం, పదవ తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుకు వలస అనుమతి కావాలి. అటువంటి పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుండి, నర్సులు కాక ఇటువంటి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీలులేదు. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ టామ్‌కామ్. అందువల్ల, “నేను పంపిస్తానమ్మా” అంటూ వీధిలోకి వచ్చే మనిషి ఎంత మంచిగా మాట్లాడినా, ఖద్దామా విషయంలో అతనికి ఆ అధికారమే లేదు.

మరి ఎలా పంపుతున్నారు? విజిట్ వీసా మీద. ముందు దుబాయికో షార్జాకో సందర్శకురాలిగా చేర్చి, అక్కడి నుండి ఒమన్‌కో కువైట్‌కో మళ్ళిస్తారు. సందర్శకురాలికి వలస అనుమతి అక్కరలేదు; కనుక ప్రభుత్వ రికార్డులో ఆమె పనికి వెళ్ళినట్లే ఉండదు. బీమా ఉండదు, ఒప్పందం ఉండదు. ఇంకొక వల కూడా ఉన్నది. మగవాని దగ్గర వీసాకు లక్షకు పైగా గుంజే ఏజెంటు (చట్టం అనుమతించేది 30 వేలు, దానిపై జీఎస్టీ మాత్రమే) స్త్రీని మాత్రం పైసా అడగడు, పైపెచ్చు టిక్కెట్టు కూడా తానే కొంటాడు. ఉచితమని సంతోషించకండి. ఆ సొమ్ము అక్కడి కఫీల్ దగ్గర ముందే పుచ్చుకుంటాడు. కఫీల్ దృష్టిలో ఆమె డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషి. రెండు నెలలకు ఆమె ఇంటికి పోతానంటే, “నేను కట్టినది తిరిగి కట్టి పో” అంటాడు. బయటికి అడుగు పెడితే పారిపోయినట్లు ఫిర్యాదు. సౌదీలో దీనిని ‘హురూబ్’ అంటారు. కూలికి వచ్చిన మనిషి ఆ ఒక్క కాగితంతో నేరస్థురాలవుతుంది.

అక్కడి చట్టాలూ పదేళ్ళుగా మారుతున్నాయి. సౌదీ 2013లో ఇంటి పనివారికి రోజుకు 9 గంటల విశ్రాంతి, వారానికి ఒక సెలవు అని నియమం చేసింది. కువైట్ 2015 చట్టం పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసి, వారపు సెలవు, ఏటా జీతంతో కూడిన సెలవు, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలని చెప్పింది. మరుసటి ఏడు కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. ఖతర్ చట్టం 2017లో వచ్చింది. రోజుకు 10 గంటలు దాని పరిమితి. ఇంటి గుమ్మం లోపల ఈ గంటలను లెక్కపెట్టేది ఎవరన్నది వేరే మాట. అయినా పాస్‌పోర్టు దాచుకునే హక్కు కువైట్ యజమానికి చట్టం ఇవ్వలేదని తెలిసిన స్త్రీకీ, తెలియని స్త్రీకీ తేడా ఉన్నది.

మగవారి సంగతి కూడా చెప్పాలి. కువైట్‌లో ఇంటి డ్రైవరు వీసా 20వ నంబరుది, కంపెనీ వీసా 18వ నంబరుది. “ముందు 20 మీద వెళ్ళు, అక్కడ 18కి మార్చుకోవచ్చు” అనే మాట నమ్మి వెళ్ళిన యువకులు అక్కడికి చేరాక గాని, ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడానికి వీలులేదని తెలుసుకోరు. కఫీల్‌ను వదిలి బయట పనిచేస్తే మనవారి భాషలో ‘కల్లివెల్లి’. జబ్బుపడినా ఆసుపత్రికి పోలేని, తల్లిదండ్రులు మరణించినా మట్టికి రాలేని బ్రతుకు అది.

బయలుదేరే ముందు ఇంటివారు చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. వీసా కాగితం మీద పని పేరు ఏమని ఉన్నదో అరబీ చదవగల మౌలానా చేత చదివించండి. మన మస్జిదుల్లో అటువంటివారికి కొదువ లేదు. ఈ సాయం అడగడానికి మనమే సంకోచిస్తున్నాం. అప్పు వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకోమని బఖరా సూరాలోని 282వ వాక్యం ఆజ్ఞాపిస్తుంది. ఖుర్ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైన వాక్యం అదే. అప్పుకే అంత వ్రాత అవసరమైతే రెండేళ్ళ జీవితానికి వద్దా? వలస అనుమతితో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది: రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. ఆపద వస్తే ఇంటి నుండే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు వెలువరించింది. వీటన్నింటికీ పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఉండాలి. ఫోన్లో ఫోటో ఉన్నదిలే అనుకోవద్దు. ఆ ఫోను ఆమెతోనే వెళుతుంది.

ఇక ఆమె పంపే సొమ్ము. దీనిపై మన ఇళ్ళలో మాట్లాడేవారే లేరు. స్త్రీ సంపాదించినది స్త్రీదేనని నిసా సూరా 32వ వాక్యం చెబుతున్నది. భార్యాపిల్లల పోషణ భర్త బాధ్యత. భార్య కువైట్‌లో అంట్లు తోమినంత మాత్రాన ఆ బాధ్యత ఆయన భుజాల నుండి దిగిపోదు. కానీ జరుగుతున్నదేమిటి? డబ్బు భర్త ఖాతాకో, అన్న ఖాతాకో వస్తుంది. బండి కొంటారు, మరిది దుకాణం పెడతాడు, పెళ్ళిలో బిర్యానీ దేగ్‌లు పెరుగుతాయి. “బాగానే ఉన్నాను అమ్మీ” అని ఫోన్లో చెప్పే కూతురు, నాలుగేళ్ళ తరువాత తిరిగి వచ్చి తన పేర ఏమున్నదని అడిగితే లెక్క చెప్పేవారుండరు. అందుకే వీసా కంటే ముందు, ఆమె పేరిట బ్యాంకు ఖాతా తెరిపించండి. పంపిన ప్రతి మొత్తం అందులోనే పడాలి. ఇంటి ఖర్చుకు ఎంత తీయవచ్చో ఆమే చెప్పాలి, అది కూడా వ్రాసి ఉండాలి. పాస్‌బుక్కు ఆమె తల్లి పెట్టెలో ఉంటే మంచిది.