‘క్లాసిక్’ అని ఎవరు నిర్ణయిస్తారు? లెక్కపెట్టి చూడండి!

మీ రెజ్యూమె తీసి ప్రాజెక్టుల దగ్గర ఏం రాశారో ఓసారి చూసుకోండి. టైటానిక్‌లో ఎవరు బతికారు? ఇళ్ల ధరలు ఎంత ఉండొచ్చు?.. అంతేనా? నాదీ అదే. ఫ్రెషర్‌గా డేటా అనలిస్ట్ ఉద్యోగానికి వెళ్తే ‘ఈ ప్రాజెక్టు చేశాక నీకు కొత్తగా తెలిసిందేంటి?’ అని అడిగారు. యాక్యురసీ ఎంతొచ్చిందో చెప్పా. ‘అది కంప్యూటర్ చెప్పింది. నువ్వేం తెలుసుకున్నావ్?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగమూ రాలేదు.

ఆ తర్వాత నా కంటపడిన డేటా గురించే ఇప్పుడు చెప్తున్నా. అమెరికా రేడియోల్లో వచ్చే పాత రాక్ పాటల చిట్టా అది. ‘మనకేం సంబంధం?’ అనుకోకండి. ఒక మంచి ప్రశ్నకు కావాల్సిన సరుకంతా అందులో ఉంది.

25 స్టేషన్లు.. ఒక్క వారం

అమెరికాలో ‘క్లాసిక్ రాక్’ పాటలకే ప్రత్యేకించిన ఎఫ్‌ఎం స్టేషన్లు చాలా నగరాల్లో ఉంటాయి. ఫైవ్‌థర్టీఎయిట్ అనే డేటా జర్నలిజం వెబ్‌సైట్ కోసం వాల్ట్ హికీ 2014 జూన్‌లో అలాంటి 25 స్టేషన్లు ఒక వారంలో వేసిన పాటలన్నీ నమోదు చేశారు. మొత్తం 37 వేలకు పైనే! ఆ ఫైళ్లను ఎవరైనా వాడుకునేలా గిట్‌హబ్‌లో పెట్టారు. ఏ పాట, ఎవరిది, ఏ స్టేషన్‌లో, ఏ సమయంలో.. అన్నీ ఉంటాయి. అందులో సగానికి పైగా 1973-82 మధ్య విడుదలైన పాటలే అని తేలింది. ఎందుకలా?

పాట అదే.. వినేవారి వయసే మారింది

‘క్లాసిక్’ అంటే గొప్పదనానికి ఇచ్చే బిరుదు అనుకుంటాం. కానీ రేడియోకి అదొక వ్యాపార లెక్క. ప్రకటనలిచ్చే కంపెనీలు ఎక్కువగా కోరుకునేది 25-54 ఏళ్ల శ్రోతల్ని. మనిషికి టీనేజీలో విన్న పాటలంటే మమకారం ఎక్కువ. ఈ రెండింటినీ కలిపి చూడండి. 1973లో 16 ఏళ్లున్న కుర్రాడికి 2011లో 54 వచ్చాయి. అదే 1991లో 16 ఏళ్లున్నవారికి 54 వచ్చేది 2029లో. అంటే శ్రోతల వయసు ముందుకు జరిగేకొద్దీ ప్లేలిస్టూ జరగాల్సిందే.

క్లాసిక్ రాక్ స్టేషన్లు 1980ల్లో జోరందుకున్నాయి. పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ 1973లో వచ్చింది. 1985 నాటికి దాని వయసు పన్నెండేళ్లే! నిర్వాణా ‘నెవర్‌మైండ్’ వచ్చింది 1991లో. అప్పట్లో అది కొత్త తరం సంగీతం. ఇప్పుడు ఆ పాటలూ క్లాసిక్ రాక్ స్టేషన్లలో వినిపిస్తున్నాయి. మనిళ్లలో మాత్రం? తాతయ్యకు పాత పాటంటే ఘంటసాల, నాన్నకు ఇళయరాజా. రేపు మీ పిల్లలకు ‘పాత పాట’ ఏదో ఆలోచించండి!

స్టేషన్ వాళ్లు ఊరికే ఊహించి పాటలు మార్చరు. శ్రోతలకు ఒక్కో పాటలో కొన్ని సెకన్ల ముక్క వినిపించి ‘ఇష్టమా? విసుగొచ్చిందా?’ అని మార్కులు వేయిస్తారు. మార్కులు తగ్గిన పాట మెల్లగా జాబితాలోంచి జారిపోతుంది.

ఊరు మారితే?

బిల్లీ జోయెల్ న్యూయార్క్ పక్కనే లాంగ్ ఐలాండ్‌లో పెరిగాడు. బాబ్ సీగర్‌ది డెట్రాయిట్. ఏరోస్మిత్ బృందం 1970లో బోస్టన్‌లో మొదలైంది. మరి సొంతూరి గాయకుణ్ని ఆ ఊరి స్టేషన్ ఎక్కువసార్లు వేస్తుందా? ఇదే మీ ప్రశ్న. స్టేషన్ల వారీగా పివట్ టేబుల్ వేస్తే జవాబు మీకే దొరుకుతుంది. ఇంకో చిట్కా.. అమెరికాలో సాధారణంగా మిసిసిపి నదికి పడమర ఉన్న స్టేషన్ల పేరు ‘కె’తో, తూర్పున ఉన్నవాటి పేరు ‘డబ్ల్యూ’తో మొదలవుతుంది. కొన్ని మినహాయింపులున్నా, మొదటి అక్షరంతోనే తూర్పు, పడమరలను విడదీసి చూడొచ్చు.

తొందరపడి తీర్పు మాత్రం చెప్పకండి. దేశం మొత్తమ్మీద ఒక కంపెనీకి ఇన్ని స్టేషన్లే ఉండాలన్న పరిమితిని 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఎత్తేసింది. దాంతో పెద్ద కంపెనీలు వందల స్టేషన్లు కొనేశాయి. రెండు ఊళ్ల జాబితాలు ఒకేలా ఉంటే కారణం శ్రోతల అభిరుచి కావొచ్చు, లేదా యజమాని ఒక్కడే కావడమూ కావొచ్చు.

ఇంటర్వ్యూలో ఇవి చెప్పండి

* శుభ్రం చేయడం: ఒకే బృందం పేరును ఒక్కో స్టేషన్ ఒక్కోలా రాస్తుంది. ఫైల్‌లో అసలు పేరు, సరిచేసిన పేరు రెండూ ఉన్నాయి. ముందు మీ అంతట మీరు సరిచేసి, తర్వాత వాళ్లదానితో పోల్చుకోండి.
* ఖాళీలు: కొన్ని పాటలకు విడుదలైన ఏడాది లేదు. వాటిని వదిలేశారా, వెతికి నింపారా? ఏది చేసినా ఎందుకో చెప్పగలగాలి.
* పరిమితి: ఒక్క వారం డేటాతో ‘ప్లేలిస్టులు మారాయి’ అనలేం. మార్పు చూపాలంటే ఇంకో ఏడాదిలో ఇంకో వారం కావాలి. ఈ మాట మీరే ముందు చెప్తే, అడిగేవారికి మీ మీద నమ్మకం పెరుగుతుంది.
* సొంత డేటా: మీ ఊళ్లో వినిపించే రెండు ఎఫ్‌ఎంలు ఎంచుకోండి. వారం పాటు రోజూ ఒకే గంటలో వచ్చే పాటలు, సినిమా, విడుదలైన ఏడాది ఎక్సెల్‌లో రాసుకోండి. చిన్నదే అయినా అది మీది.

నా తర్వాతి ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ‘క్లాసిక్ అనేది పాటలో ఉండదండీ, వినేవాడి పుట్టిన ఏడాదిలో ఉంటుంది’ అన్నా. అవతలి వ్యక్తి పెన్ను పక్కన పెట్టి ‘అదెలా?’ అని అడిగారు. మీ ప్రాజెక్టు గురించి చెప్పినప్పుడు ఎదుటివారి నోటినుంచి రావాల్సింది ఆ ఒక్క మాటే.