పన్ను తీయించుకున్న తరువాత

1844 డిసెంబరు 11వ తేదీన, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో, హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు తానే రోగియై కుర్చీలో కూర్చున్నాడు. నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి, తన జ్ఞానదంతాన్ని మరొక వైద్యునిచేత తీయించుకున్నాడు. బాధ తెలియలేదు. ఆ తరువాత దంతవైద్యం ఎంతో ముందుకు సాగింది. 1943లో స్వీడన్‌లో రూపొందిన లిగ్నోకైన్ సూదిమందు నేటికీ దవడను మొద్దుబార్చి, శస్త్రచికిత్సను సుకరం చేస్తున్నది.

అయితే ఆ మందు ప్రభావం కొద్ది గంటలు మాత్రమే. తరువాతి వారం రోజులు రోగి గడపవలసింది ఇంటిలోనే. చికిత్స ఎంత నేర్పుగా జరిగినప్పటికీ, గాయం సుఖంగా మానడం చాలావరకు ఆ రోజులలో వహించే శ్రద్ధమీదనే ఆధారపడి ఉంటుంది.

ప్రకృతి వేసిన కట్టు

పన్ను తీసిన గుంటలో రక్తం నిండి గడ్డకడుతుంది. దానిని మాలిన్యమని భావించి నాలుకతో కదిలించేవారు, గట్టిగా పుక్కిలించి ఉమ్మివేసేవారు ఉన్నారు. నిజానికి గాయానికి అంతకు మించిన కట్టు లేదు. లోపలి ఎముకను, నరాల కొసలను కప్పి ఉంచేది, కొత్త కణజాలం పెరగడానికి ఆధారమయ్యేది ఆ గడ్డయే. అది అకాలంలో ఊడిపోతే ఎముక బయటపడుతుంది. ఈ స్థితిని వైద్యులు డ్రై సాకెట్ అంటారు. సాధారణంగా రెండవ రోజుకు, నాలుగవ రోజుకు మధ్య, నొప్పి తగ్గుముఖం పట్టవలసిన సమయంలో, చెవిదాకా ప్రాకే తీవ్రమైన పోటు ప్రారంభమవుతుంది. కింది దవడ జ్ఞానదంతం తీయించుకున్నవారిలోను, పొగత్రాగేవారిలోను ఈ ప్రమాదం అధికం.

మొదటి 24 గంటలు

వైద్యుడు గాయంపై ఉంచిన గాజుగుడ్డను అరగంటకు పైగా గట్టిగా కరచిపట్టి ఉంచాలి. లాలాజలంలో కొద్దిపాటి ఎరుపు కనిపించినంతమాత్రాన భయపడనవసరం లేదు. ఆనాడు పుక్కిలించరాదు, ఉమ్మివేయరాదు, స్ట్రాతో పానీయాలు పీల్చరాదు. సిగరెట్టు, చుట్ట, గుట్కా, జర్దా కిళ్ళీ కనీసం మూడు రోజులు మానాలి. గాయం మానేవరకు మానితే మరీ మంచిది.

గుడ్డలో చుట్టిన మంచుముక్కలను చెంపపై 20 నిమిషాలు ఉంచి, మరి 20 నిమిషాలు విరామమివ్వాలి. తలను రెండు దిండ్లపై ఎత్తుగా పెట్టుకొని పడుకుంటే వాపు, రక్తస్రావం తగ్గుతాయి. మొద్దుబారిన పెదవిని తెలియక కొరుక్కునే ప్రమాదం ఉన్నది కనుక, స్పర్శ తిరిగి వచ్చేవరకు ఏమీ నమలకూడదు. నొప్పిమాత్రను వైద్యుడు చెప్పిన వేళకు తప్పక వేసుకోవాలి. నొప్పికి సొంతంగా ఆస్పిరిన్ వాడితే రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది. అయితే గుండెజబ్బుకై దానిని నిత్యం వాడేవారు వైద్యుని అడగకుండా మానరాదు.

మరునాటి నుండి

ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, భోజనానంతరం నోటిలో మెల్లగా అటూఇటూ త్రిప్పి, దానంతటదే జారిపోయేలా వదలాలి. గాయాన్ని తాకకుండా మిగిలిన పళ్ళను తోముకోవచ్చు. పెరుగన్నం, చల్లారిన రాగిజావ, మెత్తని ఇడ్లీ, కారంలేని పప్పు తగిన ఆహారం. పొగలుగ్రక్కే కాఫీ, జంతికలు, వక్కపొడి కొన్నాళ్ళు దూరంగా ఉంచాలి. పెద్దలు చెప్పారని గుంటలో లవంగమో, పసుపో, పొగాకో కూరడం హానికరం.

వాపు రెండు మూడు రోజులు పెరగడం సహజం. అది చూసి చీము పట్టిందని కలవరపడవద్దు. ఆపైన తగ్గాలి. మూడవ రోజు దాటినా వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, గాజుగుడ్డను మళ్ళీ అరగంట అదిమిపట్టినా రక్తం ఆగకున్నా, పెదవి మొద్దు మరునాటికీ వదలకున్నా వైద్యుని చూడాలి. మింగడం లేక శ్వాస తీసుకోవడం కష్టమైతే క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. డ్రై సాకెట్ నొప్పిని సైతం మౌనంగా భరించనక్కరలేదు. వైద్యుడు గుంటను శుభ్రపరచి మందు పెడితే, తరచు ఆ రోజే ఉపశమనం లభిస్తుంది.

చిగురు పూడడానికి కొన్ని వారాలు, అడుగున ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ పని శరీరమే చేసుకుంటుంది. దానికి అడ్డుతగలకుండా ఉండడమే రోగి చేయగల గొప్ప సాయం.