రంగు డబ్బా తెరవడానికి ముందే

దసరాకో సంక్రాంతికో ఇంటికి రంగులు వేయించడం తెలుగు నాట చాలామందికి అలవాటు. పండగ దగ్గరపడ్డాక పని మొదలుపెట్టడంతో గోడను సిద్ధం చేయడానికి తగిన సమయం ఉండదు. మరుసటి వానాకాలానికి గోడ ఉబ్బి పెచ్చులు ఊడితే, తప్పు కంపెనీదనో పెయింటర్‌దనో అనుకుంటారు. చాలా సందర్భాల్లో అసలు కారణం రంగు పొర కింద ఉంటుంది.

గోడ పైకి గట్టిగా కనిపించినా లోపల సన్నని రంధ్రాలతో నిండి ఉంటుంది. పునాది నుంచి పైకి పాకే చెమ్మ, స్నానాల గది వైపు నుంచి ఊరే నీరు, పిట్టగోడ పగుళ్లలోంచి దిగే వాననీరు ఈ రంధ్రాల గుండా ప్రయాణిస్తాయి. దారిలో ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను కరిగించుకుని గోడ పైభాగానికి చేరుకుంటాయి. అక్కడ నీరు ఆవిరైపోతుంది, లవణం స్ఫటికాలుగా మిగిలిపోతుంది. గోడకు ఉప్పు పూసిందనీ, చౌడు పట్టిందనీ అనేది దీన్నే. రంగు పొర వెనుక ఈ స్ఫటికాలు పెరుగుతున్నకొద్దీ పొరను బయటకు నెట్టేస్తాయి. నీరు వచ్చే దారి మూయకుండా పైపైన గీకి, లప్పం పెట్టి రంగు వేస్తే కొన్ని నెలల్లో అదే చోట మళ్లీ పొక్కులు లేస్తాయి. ఖర్చు రెండింతలు కావడం తప్ప ప్రయోజనం లేదు.

చెమ్మ గోడలోదా, గదిలోని గాలిదా అని తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును గోడపై పరచి, నాలుగు అంచులా టేపు వేసి, ఒక రోజంతా వదిలేయాలి. తర్వాత షీటు లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ గోడలోంచి వస్తోందన్నమాట. బయటి వైపు కనిపిస్తే గదిలో గాలి ఆడడం లేదని అర్థం.

కొత్త గోడకు ఇంకో సమస్య ఉంటుంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. అందువల్ల తాజా ప్లాస్టరింగ్ క్షార గుణం చాలా ఎక్కువగా ఉంటుంది, పీహెచ్ 12 దాటుతుంది. నూనె ఆధారిత రంగు దానిపై పడితే, చెమ్మ కూడా తోడైనప్పుడు, సబ్బు తయారీలో జరిగే రసాయన చర్యే ఇక్కడా జరుగుతుంది. పొర మెత్తబడి జిగటగా మారుతుంది. అందుకే కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం నెల రోజులు, వానాకాలమైతే ఇంకా ఎక్కువ రోజులు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేస్తారు. గృహప్రవేశం ముహూర్తం దీనికి అడ్డొస్తే, అప్పటికి సున్నంతో సరిపెట్టి అసలు రంగు తర్వాత వేసుకోవడమే మేలు.

వెల్ల వేస్తున్నప్పుడు సున్నం పలచగా, గోడ కనిపించేలా ఉంటుంది. ఆరాక తెల్లబడుతుంది. తడిగా ఉన్నప్పుడు రేణువుల మధ్య నీరు ఉంటుంది కాబట్టి కాంతి పెద్దగా చెదరకుండా లోపలికి వెళుతుంది. నీరు పోయి ఆ ఖాళీల్లో గాలి చేరగానే కాంతి అన్ని వైపులా చెదిరి తెల్లగా కనిపిస్తుంది. రేణువులు ఇలా వదులుగా ఉండడం వల్లే పాత వెల్ల, చవక డిస్టెంపర్ చేయి ఆనిస్తే పొడిగా రాలతాయి. ఆ పొడి మీద ఎమల్షన్ వేస్తే అది పొడికి అతుక్కుంటుంది తప్ప గోడకు కాదు. ముందు అరచేత్తో రుద్ది చూసి, పొడి అంటితే గీకి, కడిగి, ఆరాకే ప్రైమర్ వేయాలి.

పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలన్నది పెయింటర్లందరికీ తెలిసిందే. చుక్కలు కిందికే పడతాయి కదా.

ఇక తలుపులు, కిటికీలు, గడపలు. వీటి విషయంలో అందం కంటే ఆరోగ్యం ముఖ్యం. పాత ఎనామిల్ రంగుల్లో సీసం కలిపేవారు. పసుపు రంగునిచ్చే లెడ్ క్రోమేట్, రంగు త్వరగా ఆరడానికి వాడే సీసం సమ్మేళనాలు ఇందులో ముఖ్యమైనవి. ఏటేటా పసుపు రంగు ఎనామిల్ వేసిన పాత గడప, పాకే పిల్లలకు అందుబాటులో ఉండేది కూడా. శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడుతుంది. పిల్లలు తమ కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ భాగాన్ని గ్రహిస్తారు. అది ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదు.

గృహ అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉందనుకుని జాగ్రత్త పడడమే మంచిది.

పాత పొర గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని పూర్తిగా తీయాల్సిన పనే లేదు. సబ్బు నీటితో జిడ్డు కడిగి, తడిపిన వాటర్ పేపర్‌తో మెరుపు పోయేంత వరకు రుద్దితే కొత్త రంగు పట్టుకోవడానికి చాలు. పొడిగా రుద్దితే సీసం ధూళి ఇల్లంతా కమ్ముకుంటుంది. మంటతో కాల్చి తీస్తే పొగలో సీసం ఉంటుంది. పని జరిగే గదిలోకి పిల్లలను, గర్భిణులను రానివ్వకూడదు. నేలపై ప్లాస్టిక్ పరచి, రాలిన పెచ్చులను అందులోనే చుట్టి తీసేయాలి. చీపురుతో ఊడిస్తే ధూళి మళ్లీ లేస్తుంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలి. పెచ్చులను చెత్తతో కలిపి కాల్చకూడదు.

ఇంటివారు ఈ ధూళిని కొన్నాళ్లే భరిస్తారు, పెయింటర్‌కు అది రోజువారీ పని. ముఖానికి కట్టుకునే తువ్వాలు సన్నని ధూళిని ఆపదు. ఎన్95 మాస్క్ కావాలి, దాన్ని కూలితో పాటు ఇంటివారే సమకూర్చడం పెద్ద ఖర్చేమీ కాదు. పని బట్టలు అక్కడే మార్చుకుని, చేతులు, ముఖం కడుక్కుని వెళితే ఆ ధూళి పెయింటర్ ఇంట్లోని పిల్లలకు చేరదు.