తీతువు కేక

చర్లకు సముద్రతీరం లేదు. అయితే తాలిపేరు, గోదావరి నదుల ఒడ్డున వేసవిలో ఇసుక తిన్నెలూ, వాటి వెనుక టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవీ ఉన్నాయి. కుటుంబంతో అక్కడ నడిచేవారికి తీతువు కేక వినవస్తుంది. కొందరు దానిని అపశకునంగా తలుస్తారు. నిజానికి అది సంతానరక్షణకై చేసే హెచ్చరిక.

తీతువు చెట్టుపై గూడు కట్టదు. నేలమీది చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గులకరాళ్లను పోలిన ఆ గుడ్లు సులభంగా కంటబడవు. మండుటెండలో పొట్ట ఈకలను నీట తడిపి వచ్చి వాటిని చల్లబరుస్తుంది. మనం దగ్గర నిలిచినంతసేపు అవి ఎండకు గురి అవుతాయి.

సంస్కృతంలో దీని పేరు టిట్టిభం. సముద్రుడు అపహరించిన గుడ్లను తిరిగి సాధించుకొన్న పంచతంత్రపు పక్షి ఇదే. కనుక కేక వినగానే పిల్లల చేయి పట్టుకొని, నేల చూసుకొంటూ, వచ్చిన అడుగుజాడలలోనే మరలడం మన ధర్మం.