మౌనం నుంచి గానం దాకా: దొనిజెట్టి ప్రళయ ఒపెరాలో కల్పిత పాత్ర - ఔచిత్య పరిశీలన

వ్యాస సంగ్రహం:
బైబిలులోని నోవహు కథ ఆధారంగా ఇటాలియన్ స్వరకర్త గయెతానో దొనిజెట్టి (1797-1848) కూర్చిన ఒపెరా 'ఇల్ దిలూవియో యూనివెర్సాలే'. 'జగత్ప్రళయం' అని దీని అర్థం. మూలగ్రంథంలో లేని సేలా అనే స్త్రీ పాత్ర ఈ రచనకు కేంద్రమైంది. ఆ కల్పన ఎందుకు అవసరమైంది, అది ఎంతవరకు ఉచితం అన్న ప్రశ్నలను మన అలంకారశాస్త్రంలోని ఇతివృత్త విభాగం సాయంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఒపెరా, దొనిజెట్టి, నోవహు, మిశ్రేతివృత్తం, ఔచిత్యం, కరుణరసం.

1. ప్రవేశిక:
హైదరాబాదు మాదాపూర్‌లోని శిల్పారామంలో భామాకలాపం చూడటానికి కూర్చున్న ప్రేక్షకునికి సత్యభామ కథ ముందే తెలుసు. తెలిసిన కథలో ఆమె మనసు ఏ విధంగా పలుకుతుందో వినడానికే అతడు వస్తాడు. ఆద్యంతం గానంతో నడిచే నాటకమైన ఒపెరాలోనూ, అందులో పవిత్రగ్రంథ కథను స్వీకరించినప్పుడు మరింతగా, ప్రేక్షకుని స్థితి ఇదే. అయితే సత్యభామ మాటకారి. నోవహు విషయం వేరు. గ్రంథంలో దాదాపు మాట్లాడని వ్యక్తిని గానప్రధానమైన రంగస్థలం మీద నిలబెట్టడం ఎలా? దొనిజెట్టి ఎదుర్కొన్న సమస్య ఇది.

2. రచనా నేపథ్యం:
ఈ ఒపెరా 1830లో నేపుల్స్ నగరంలోని సాన్ కార్లో రంగశాలలో తొలిసారి ప్రదర్శితమైంది. ఈస్టరు పండుగకు ముందు వచ్చే తపస్సు కాలంలో లౌకిక నాటకాలపై అక్కడ నియంత్రణ ఉండేది. పవిత్ర కథను తీసుకుంటే రంగశాల తెరిచి ఉంచవచ్చు. ఈ వెసులుబాటు నుంచి 'పవిత్ర విషాద రూపకం' అనదగిన ప్రక్రియ బలపడింది. 1818లో అదే రంగశాలలో ప్రదర్శించిన రొస్సీనీ 'మోసె ఇన్ ఎజిత్తో' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మోషే కథలో ఫరో కుమారునికీ, ఒక హెబ్రీ యువతికీ మధ్య ప్రేమను అందులో కల్పించారు. దొనిజెట్టికి అది దగ్గరి ఆదర్శం.

ప్రళయ ఒపెరాకు సాహిత్యం సమకూర్చినవాడు దొమెనికో జిలార్దోని. బైరన్ రాసిన 'హెవెన్ అండ్ ఎర్త్' నాటకం, ఫ్రాంచెస్కో రింగియేరి ప్రళయ నాటకం దీనికి ఆధారాలు. నోవహు పాత్రను ఆ కాలపు సుప్రసిద్ధ మంద్రస్వర గాయకుడు లూయిజీ లబ్లాష్ పాడాడు. 1834లో జెనోవా నగర ప్రదర్శన కోసం దొనిజెట్టి దీన్ని సవరించాడు. తరువాత చాలాకాలం మరుగున పడిన ఈ రచనను 2023లో ఆయన స్వస్థలమైన బెర్గామోలోని దొనిజెట్టి ఉత్సవంలో మళ్లీ ప్రదర్శించారు.

3. మూలంలో మౌనం:
ఆదికాండం 6 నుంచి 9 అధ్యాయాల వరకు నోవహు కథ ఉంది. ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని కొలతలు కూడా గ్రంథం చెబుతుంది. నలభై పగళ్లు, నలభై రాత్రులు వాన కురిసిందనీ, నూటయాభై దినాలు నీళ్లు భూమిపై ప్రబలి ఉన్నాయనీ లెక్క చూపుతుంది. కాని ఓడ కట్టేటప్పుడు గాని, తలుపు మూసుకున్నప్పుడు గాని నోవహు పలికిన ఒక్క మాటా అందులో లేదు. అతని నోటి మాట మొదటిసారి వినిపించేది 9వ అధ్యాయం 25వ వచనంలో, ప్రళయం ముగిశాక. అతని భార్యకూ, కోడళ్లకూ పేర్లు కూడా లేవు. మునిగిపోయినవారి గొంతు అసలే లేదు.

భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథతో పోలిస్తే ఈ మౌనం మరింత స్పష్టమవుతుంది. అక్కడ సత్యవ్రతుడు మత్స్యరూపుడైన భగవంతునితో సంభాషిస్తాడు, ప్రశ్నిస్తాడు, స్తుతిస్తాడు. నోవహు విని ఆచరిస్తాడు, అంతే. కొత్త నిబంధనలోని పేతురు రెండవ పత్రిక అతణ్ణి నీతిని ప్రకటించినవానిగా పేర్కొంది. ఒపెరాలో నోవహు చేసే హెచ్చరికలకు ఆ మాట ఆధారంగా నిలుస్తుంది. స్త్రీ పాత్రకు అలాంటి ఆధారమేదీ లేదు.

4. సేలా పాత్ర కల్పన:
సెన్నార్ పాలకుడు కాద్మో. అతని భార్య సేలా నోవహు దేవుణ్ణి నమ్ముతుంది. కాద్మో ఓడను తగలబెట్టించాలనుకుంటాడు. సేలా చెలికత్తె ఆదా రహస్యంగా కాద్మోను కోరుకుంటూ, సేలాకు నోవహు కుమారుడైన యాపెతుపై ప్రేమ ఉందని చెప్పి అతని అసూయను రగిలిస్తుంది. సేలా పరిత్యక్త అవుతుంది. మూడో అంకంలో కాద్మో, ఆదాల వివాహపు విందు జరుగుతున్న చోటికి ఆమె తన కుమారుని కోసం వస్తుంది. నోవహు దేవుణ్ణి శపిస్తేనే ఆ కోరిక తీరుతుందని కాద్మో షరతు పెడతాడు. బిడ్డ కోసం ఆమె ఆ మాట పలికి, వెంటనే నేలకూలి మరణిస్తుంది. ప్రళయం విరుచుకుపడుతుంది. చివరకు నీటిపై ఓడ మాత్రమే కనిపిస్తుంది.

5. ఔచిత్య పరిశీలన:
ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. ప్రఖ్యాత కథలో నాయకునికి గాని, రసానికి గాని విరుద్ధమైనది ఉంటే విడిచిపెట్టాలనీ, లేదా మరో విధంగా కల్పించాలనీ సూచించాడు. ఈ ఒపెరా మిశ్రేతివృత్తం. కనుక మూలంలో ఉందా లేదా అన్నదానితో పరిశీలన ఆగకూడదు. కల్పన రసానికి అనుకూలించిందా అన్నది చూడాలి.

ఈ దృష్టితో చూస్తే రచనలో ఒక దోషం, ఒక గుణం కనిపిస్తాయి. ఆదా కుట్ర, యాపెతు పేరుతో పుట్టిన అసూయ ఒక కుటుంబ కలహానికి సరిపోయే సామగ్రి. వాటికి ప్రాధాన్యం పెరిగినకొద్దీ లోకమంతటినీ ముంచే ప్రళయం ఒక ఇంటి గొడవకు నేపథ్యంగా కుంచించుకుపోతుంది. అంగి కంటే అంగం పెరగడం ఇక్కడి అనౌచిత్యం.

చివరి ఘట్టం దీనికి భిన్నమైనది. నమ్మనివారు మునిగిపోవడం మూలకథ ధర్మం. నమ్మినామె బిడ్డ కోసం నోరు జారి ఓడకు వెలుపలే మరణిస్తే ప్రేక్షకుడు ఎవరి పక్షాన నిలబడాలి? గాయనికి ప్రధాన పాత్ర కావాలన్న రంగస్థల సంప్రదాయం వల్లనే సేలా అవసరమై ఉండవచ్చు. కాని ఆ అవసరం నుంచి పుట్టిన పాత్ర, గ్రంథం మౌనంగా వదిలిన చోట గొంతు విప్పింది. ఓడ వెలుపలివారు కేవలం దుష్టుల సమూహం కాదనీ, వారిలో ఒక తల్లి కూడా ఉందనీ ప్రేక్షకుడు గ్రహిస్తాడు. ఇక్కడ కరుణరసం కల్పన వల్లనే సిద్ధించింది.

6. ముగింపు:
జాషువ 'క్రీస్తు చరిత్ర' మొదలుకొని తెలుగులో వచ్చిన క్రైస్తవ కథాత్మక రచనలను పరిశీలించేటప్పుడు మూలవిధేయతను ఏకైక కొలమానంగా తీసుకునే అవకాశం ఉంది. అలా తీసుకుంటే చేర్పులన్నీ వ్యత్యాసాల పట్టికలో చేరి అక్కడే ఆగిపోతాయి. దొనిజెట్టి ఒపెరా మరో ప్రశ్నను సూచిస్తున్నది: ఈ చేర్పు మూలంలోని ఏ మౌనాన్ని పూరించింది? ఆదా కుట్ర ఏ మౌనాన్నీ పూరించలేదు. సేలా మరణం పూరించింది. ఒకే రచనలోని రెండు కల్పనలను ఈ విధంగా వేరుచేసి చూపగలిగినప్పుడే ఔచిత్య విచారం పరిశోధకునికి నిజమైన సాధనమవుతుంది.